మలుపు దగ్గర ఆగే మనిషి

మావయ్యగారు బూట్లు వేసుకుని, లేసులు కట్టుకుని, జేబురుమాలు మడతపెట్టి చొక్కా జేబులో దోపుకుని, తాళం వేసి ఉన్న తలుపుకి ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు. బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చున్నారు. రానీ, వచ్చినప్పుడే వస్తుంది, డ్రైవరు మాత్రం ఏం చేస్తాడు పాపం అన్నట్టుంది మొహం.

కోడలు స్నానానికి వెళ్ళేటప్పుడు ఆయన అలాగే ఉన్నారు. వచ్చేసరికీ అలాగే ఉన్నారు. మధ్యలో కుడి బూటు లేసు ఒకసారి విప్పి మళ్ళీ కట్టినట్టున్నారు, ముడి ఇందాకటికంటే పొందిగ్గా ఉంది.

“బూట్లు విప్పేసుకోండి మావయ్యా, కాళ్ళకి ఉక్కపోస్తుంది” అంది.

“ఫరవాలేదమ్మాయ్. నాకేం తొందర్లేదు” అన్నారాయన.

ఆ ఇంట్లో తాళాలకి కొదవ లేదు. ఆమె భర్త బీమా కంపెనీలో క్లెయిముల ఆఫీసరు. ఊళ్ళో ఎవరిల్లు కాలినా, ఎవరి కారు మునిగినా, ఎవరు ఎక్కడ జారిపడినా ఆ కాగితం అతని బల్ల మీదికి వస్తుంది. ఏళ్ళ తరబడి అవే చదివి చదివి, మెట్లు చూస్తే అతనికి విరిగిన తుంటి ఎముకలు కనిపిస్తాయి. టీవీ రిమోటుకి ప్లాస్టిక్ కవరు, కవరుకి రబ్బరు బ్యాండు. సోఫాకి ఒక కవరు, ఆ కవరు మాయకుండా ఇంకో కవరు. చుట్టాలొస్తే పై కవరు తీస్తారు, మరీ దగ్గరివాళ్ళొస్తే రెండోదీ తీస్తారు. సోఫా అసలు రంగు చూసేంత దగ్గరివాళ్ళు ఇంకా తేలలేదు. గ్యాస్ సిలిండరు మూతకి చిన్న తాళంకప్ప, బీరువాకి పెద్దది, ఆ బీరువా చెవి దాచిన డబ్బాకి బుల్లిది.

వీధి తలుపు తాళం మాత్రం కొత్తది. వాన పడిన ఒక సాయంత్రం మావయ్యగారు బ్రెడ్డు తెస్తానని వెళ్ళి, చీకటి పడ్డాక బ్రెడ్డు లేకుండా, ఎవరిదో గొడుగుతో తిరిగొచ్చారు. ఎక్కడికెళ్ళావు నాన్నా అంటే ‘ఇక్కడే’ అన్నారు. గొడుగెవరిదంటే కాసేపు వెతుక్కుని, ‘మెట్ల కింద మీటరాయనది’ అన్నారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చదివిన మనిషి. మనుషుల పేర్లు ఒక్కొక్కటే జారిపోతున్నా, మీటర్లు మాత్రం ఆయన బుర్రలో ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ జవాబు విని కొడుకు కుర్చీలో కూలబడ్డాడు. ఫోన్లో విన్న కూతురు, తమ పక్కింటాయన కూడా సరిగ్గా ఇలా గొడుగుతోనే మొదలుపెట్టాడని చెప్పి ఇంకాస్త ధైర్యం పోసింది. మర్నాటికల్లా తాళం వచ్చేసింది. గొడుగు మాత్రం తలుపు మూలన, కోర్టులో పెట్టిన సాక్ష్యంలా, అలాగే నిలబడి ఉంది.

కోడలు భర్త దగ్గర చెవి అడిగి తీసుకుని, తలుపు తెరిచి, అతను కూడా బయటికొచ్చాక మళ్ళీ తాళం వేసి, చెవి అతనికిచ్చేసింది. కిటికీలోంచి చూస్తే, కుర్చీలోంచి ఆయన ఆమెకి చెయ్యి ఊపారు. ఎవర్నో రైలెక్కించినట్టు.

ఆఫీసుకెళ్ళేదాకా ఆ చెయ్యే కనిపిస్తూ ఉంది.

ఆమె చేసే పనేమిటో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలీదు. కంప్యూటర్లని తెలుసు. ఆడపడుచు తన ఫోను బిగుసుకుపోయినప్పుడల్లా ఆమెకే ఫోను చేస్తుంది, అదీ ఆ ఫోను నుంచే. అసలు సంగతేమిటంటే, యంత్రాన్ని లోపల్నుంచి నడిపే మూల ప్రోగ్రాముని కెర్నెల్ అంటారు. యంత్రంలో ఉన్న ఒక్కో విడిభాగంతో మాట్లాడటానికి అందులో ఒక్కో చిన్న ప్రోగ్రాం ఉంటుంది, దాన్ని డ్రైవర్ అంటారు. ఇప్పుడు ఆమె చేతిలో ఉన్నది గడియారం చిప్పు డ్రైవర్. యంత్రం ఆపేసినా, కరెంటు పోయినా, ఒక బిళ్ళ బ్యాటరీ ఆసరాతో టైము గుర్తుపెట్టుకుంటూ మూల కూర్చునే చిప్పు అది.

ఆ చిప్పుని ఒకేసారి ఇద్దరు పలకరించకూడదు. ఒకరు టైము అడుగుతుండగా ఇంకొకరు టైము మారిస్తే, గంటలు పాతవీ నిమిషాలు కొత్తవీ చేతికొస్తాయి. అందుకని వెళ్ళినవాళ్ళు లాక్ వేసుకుంటారు, రెండోవాళ్ళు బయట ఆగుతారు. ఒకే బాత్రూమున్న ఇంట్లో పెరిగినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే ఈ డ్రైవర్లో బాత్రూం తలుపుకే కాకుండా బకెట్టుకీ మగ్గుకీ కూడా గడియలున్నాయి. డ్రైవర్‌కి పైన ఇంకో పొర ఉంది. అది ముందే లాక్ వేసి, వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినే కిందికి పంపుతోంది. ఆ వచ్చిన ఒక్కడికీ కింద డ్రైవర్ మళ్ళీ అడుగడుగునా లాకులు వేస్తోంది. యంత్రం నిద్రలేవడానికి బద్ధకిస్తోందని కొన్నవాళ్ళు గోల పెడుతున్నారు.

ఆమె కింది లాకులన్నీ తీసిపారేసి పరిశీలనకి పంపింది. పరిశీలించేది గుమ్మంగారు. ఆయన ఒప్పుకోందే ఏ మార్పూ లోపలికి పోదు కాబట్టి ఆఫీసులో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు, ఎదురుగా తప్ప. సర్వీసులో అందరికంటే పెద్ద, గొంతులో అందరికంటే చిన్న.

అక్కర్లేదని ఎలా తెలిసిందని అడిగారాయన. ప్రోగ్రాం కోడంతా చదివానంది ఆమె.

“చదివితే చాలదమ్మా” అన్నారు గుమ్మంగారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. “లాకు తీసిన ప్రతిచోటా ఒక చెకింగు పెట్టు. అది ఎవరికీ అడ్డు పడకూడదు. పైన ఎవరో ఒకరు పట్టుకునే ఉన్నారా లేదా అని మాత్రం చూడాలి. ఎవరూ పట్టుకోకుండా వస్తే అరవాలి. కొన్నాళ్ళు అలా తిరగనీ. అరవకపోతే అప్పుడు తీసేద్దాం.”

ఆమె సీటుకి తిరిగొచ్చి, తీసేసిన చోటల్లా చెకింగు పెట్టి, పరీక్ష యంత్రాలని నడవమని వదిలేసింది.

ఆ సాయంత్రం ఇల్లే యంత్రంలా బిగుసుకుపోయింది.

తాళాల విషయంలో భర్తకి ఒక సిద్ధాంతం ఉంది. గేటు చెవీ తలుపు చెవీ ఒకే చేతిలో ఉండకూడదు. ఎందుకంటే ఆ చెయ్యి నాన్నది కావచ్చు. కోడలు ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుండగా, అతను కూరలకని బయల్దేరి, అలవాటు కొద్దీ తలుపు తాళం వేసి ఆ చెవి జేబులో వేసుకుని, గేటుకి తాళంకప్ప నొక్కేసి వెళ్ళాడు. సంచీ నిండా కూరలతో తిరిగొచ్చాక గుర్తొచ్చింది, గేటు చెవి ఇంట్లో ఉందని. ముందుగది కిటికీ వీధిలోకే ఉంటుంది కాబట్టి అక్కడికొచ్చి నిలబడ్డాడు. గేటు చెవి ఇస్తే లోపలికొచ్చి తలుపు తీస్తానన్నాడు. తలుపు తీస్తే వచ్చి గేటు తీస్తానంది ఆమె. కిటికీకి దోమతెర. స్క్రూలు బయటివైపు బిగించి ఉన్నాయి, లోపల్నుంచి నాన్న విప్పేయకుండా. స్క్రూడ్రైవరు లోపల ఉంది.

ఆమె వృత్తిలో దీనికి పేరుంది. ఒకరికి కావలసింది ఇంకొకరి దగ్గర, ఆ ఇంకొకరికి కావలసింది వీళ్ళ దగ్గర. ఇద్దరూ మర్యాదగా, ప్రళయం దాకా ఆగుతారు. యంత్రమైతే ఆపేసి మళ్ళీ ఆన్ చేస్తారు. భర్తకి ఆ సదుపాయం లేదు.

మావయ్యగారు బూట్ల కాళ్ళతోనే లేచారు. గోడకున్న క్యాలెండరు కాస్త పక్కకి జరిపి, వెనక కన్నంలో కుక్కి ఉన్న పాత కాగితం లాగేశారు.

“మీటరు గేటు పక్కకి మార్చినప్పుడు ఈ వైరు కన్నం పూడ్చలేదమ్మాయ్” అని, గేటు చెవి అందులో పెట్టి పెన్నుతో నెట్టారు. అవతల అది వంకాయల మీద పడ్డ చప్పుడు వినిపించింది.

లోపలికొచ్చాక భర్త చేసిన మొదటి పని, రేపు సిమెంటు తెచ్చి ఆ కన్నం పూడ్చాలని అనుకోవడం. రెండో పని, ఆదివారం ఈ చెవుల గొడవంతా వదిలిపోతుందని ప్రకటించడం. నంబర్లు నొక్కితే తెరుచుకునే తాళం బుక్ చేశాడట. చెల్లెలే చూసి పంపిందట. బిగించే మనిషి ఆదివారం పొద్దున్నే వస్తాడు. నంబరు భార్యాభర్తలిద్దరికే తెలుస్తుంది. లోపల్నుంచైనా నంబరు నొక్కందే తెరుచుకోదు.

మావయ్యగారు శ్రద్ధగా విన్నారు. “దానికి కరెంటు కావాలా?” అని అడిగారు.

“బ్యాటరీ నాన్నా.”

“బ్యాటరీ అయిపోతే?”

అది కంపెనీవాళ్ళు చూసుకుంటారన్నాడు కొడుకు. మావయ్యగారు తలూపి, కుర్చీలో కూర్చుని, బూట్లు విప్పుకోవడం మొదలుపెట్టారు. చాలా నెమ్మదిగా విప్పారు. విప్పినవాటిని ఎప్పటిలా గుమ్మం పక్కన పెట్టలేదు. మంచం కిందికి, గోడ దాకా తోసేశారు. కోడలు అది చూసింది.

వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఆమె భర్తని అడిగింది, ఆ తాళం దేనికని.

“నాన్న తప్పిపోకుండా.”

“తప్పిపోతారని ఎలా తెలుసు?”

అతను గిన్నె తుడవడం ఆపి గొడుగు వైపు చూపించాడు.

“అదొక్కటేనా సాక్ష్యం?”

“ఇంతకంటే తక్కువ సాక్ష్యానికి క్లెయిములు కొట్టేశాం మేము.”

అప్పుడామె చెప్పింది. ఆదివారం దాకా పొద్దుటిపూట తాళం తీసి ఉంచుదాం. ఆయన వెళ్తే వెనకాల నేను వెళ్తాను. ఆయనకి తెలియనివ్వను. చెయ్యి పట్టుకోను, దారి చెప్పను. ఎక్కడైనా పట్టించుకునే మనిషి లేక ఆయన ఒక్కరే అయిపోయారనిపిస్తే మాత్రం పరిగెత్తి పట్టుకుంటాను. అదే జరిగితే మీ నంబర్ల తాళం పెట్టించండి, ఇంకెప్పుడూ అడగను. జరక్కపోతే, ఉన్న తాళం కూడా తీసేయాలి.

భర్త తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచాడు. “వాన పడితే?” అన్నాడు చివరికి.

“గొడుగుందిగా.”

మర్నాడు పొద్దున్న తలుపు ఓరగా తెరిచి ఉంది. మావయ్యగారు దాన్ని నమ్మలేదు. దగ్గరికెళ్ళి చూసి, వంటింటి దాకా వచ్చి, “అమ్మాయ్, తలుపు తీసేసుంది. వేసేయనా?” అని అడిగారు. ఉండనివ్వమందామె, వెనక్కి తిరక్కుండా. ఆయన మంచం కిందికి దూరి బూట్లు వెతుక్కోవడానికి పట్టిన సేపట్లో కోడలు తన భర్త టోపీ పెట్టుకుని, నల్లకళ్ళద్దాలు తగిలించుకుంది. ఎదురింటావిడ ఆ వేషం చూసి, ‘కళ్ళకలకా?’ అని అడిగి రెండడుగులు వెనక్కి వేసింది.

వీధిలో మావయ్యగారి నడక వేరు. ఇంట్లో కాళ్ళీడ్చే మనిషి ఇక్కడ గోడల వెంట, ఒక్కో గుమ్మం వైపు తల తిప్పుతూ, ఎవరో పిలిచినట్టు హుషారుగా పోతున్నారు. గోడ మీద మీటరు కనిపిస్తే ఓ క్షణం ఆగి అందులోకి తొంగిచూసి, ‘ఊఁ’ అని సాగిపోతున్నారు. పరిచయస్తుణ్ణి బాగున్నావా అని అడిగినట్టుంది.

మొదటి మలుపు దగ్గర బండి పెట్టుకున్న ఇస్త్రీ అతను చెయ్యెత్తాడు. ఇన్నాళ్ళూ ఏమైపోయారని అడిగాడు. మావయ్యగారు బస్సు రాలేదన్నారు. ఇస్త్రీ అతను అందులో వింతేమీ లేనట్టు తలూపి, చొక్కా తిరగేస్తూనే ఆయన వెళ్ళేవైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ వీధి చివర మందుల షాపు పిల్ల కౌంటరు వెనకనుంచి మెట్టు మీదికొచ్చింది. ఆ పిల్ల వచ్చాక ఇస్త్రీ అతను చూపు చొక్కా మీదికి దించాడు. పెద్దరోడ్డు దగ్గర స్కూలు వాచ్‌మన్ పిల్లల్ని దాటిస్తూ, ఈయన వచ్చేదాకా చెయ్యి దించలేదు. అవతల సందులో ఎక్కడో కుట్టుమిషను చప్పుడు టకామని ఆగింది. దర్జీ తల బయటపెట్టి చూసి, మళ్ళీ లోపలికి పోయాడు. మిషను మళ్ళీ మొదలైంది.

ఎవరూ ఎవరికీ చెప్పినట్టు లేదు. ఎవరూ పని ఆపి ఏమీ చేయలేదు. ఒకరి కళ్ళలోంచి ఇంకొకరి కళ్ళలోకి ఆయన వెళ్ళిపోతున్నారు, అంతే. కోడలికి గుమ్మంగారి మాట గుర్తొచ్చింది. పైన ఎవరో ఒకరు పట్టుకునే ఉన్నారా.

కానీ ఒకటుంది. ప్రతి మలుపు దగ్గరా మావయ్యగారు ఆగిపోతున్నారు. ఆగి, మెడ తిప్పి వెనక్కి చూస్తారు. అటూ ఇటూ చూస్తారు. మొహంలో ఏమీ ఉండదు. ఆమె ఆగివున్న వ్యాను చాటునో, కరెంటు స్తంభం చాటునో నక్కి ఊపిరి బిగబట్టేది. దారి మర్చిపోయారా, పరిగెత్తనా అనుకునేలోపు ఆయన మళ్ళీ కదిలేవారు, సరైన వైపుకే. మళ్ళీ మలుపు, మళ్ళీ ఆగడం. ఇంటికొచ్చేసరికి ఆమెకి చెమటలు పట్టాయి, ఆయనకి ఆకలేసింది.

సాయంత్రం భర్తకి ఉన్నదున్నట్టు చెప్పింది. మనుషుల సంగతీ చెప్పింది, మలుపుల సంగతీ చెప్పింది. అతను మొదటిది విన్నాడో లేదో గానీ రెండోదానికి “చూశావా” అన్నాడు. గెలిచినవాడి గొంతు కాదది. మావయ్యగారు మెడ పట్టేసిందని చెప్పడంతో అతనికి ఓ పని దొరికింది. మెడనొప్పులకి ప్రత్యేకమైన దిండు, ఫోన్లో అన్నీ చదివి, అందరికంటే మంచిది తెప్పించాడు. దిండుతోపాటు దానికి రెండు కవర్లు కూడా.

తర్వాతి పొద్దున్న మావయ్యగారు గొడుగు తీసుకుని బయల్దేరారు. మబ్బు కూడా లేదు. దారిపొడుగునా ఎవరడిగినా ‘ఇచ్చెయ్యాలి’ అంటూ పోయి, దర్జీ షాపు దగ్గర ఆగి, గొడుగు బల్ల మీద పెట్టారు. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు, నవ్వుకున్నారు. ఆయన ముందుకి సాగాక కోడలు టోపీ తీసి చేత్తో పట్టుకుని దర్జీ దగ్గరికి వెళ్ళింది. షాపు పక్కన మేడమెట్లున్నాయి. మెట్ల కింద మీటరుంది.

దర్జీ ఆమె ఎవరని అడగలేదు. ఆ రోజు వాన కదండీ అన్నాడు. బ్రెడ్డు షాపు మూసేశారు, పెద్దాయన తడుస్తారని నేనే లోపల కూర్చోబెట్టాను. ఎంతకీ తగ్గకపోతే గొడుగిచ్చి పంపాను. ఇంతే జరిగింది. తర్వాత సూదిలో దారం ఎక్కిస్తూ, “ఆ వానలోనే ఒకాయన ఒంటి చెప్పుతో, ‘నాన్నా, నాన్నా’ అనుకుంటూ మా ముందునుంచే పరిగెత్తారు” అన్నాడు. “ఈయన పిలిచారు. నేనూ కేకేశాను. వినిపించుకోలేదు.”

“మా ఆయన” అంది.

“చెప్పు దొరికిందా అండీ?”

దొరకలేదని చెప్పింది.

ఆ సాయంత్రం ఈ సంగతంతా భర్తకి చెప్పింది. అతను గొడుగు ఉండాల్సిన ఖాళీ మూలకేసి చూస్తూ విన్నాడు. “పిలిచారా?” అని ఒక్కమాట అడిగాడు. పిలిచారట అంది. అతను లేచి, రోజూలాగే ఇంట్లో తాళాలన్నీ లాగి చూడటానికి వెళ్ళాడు. రోజూ ఒక్కోటీ రెండుసార్లు లాగుతాడు. ఆ రోజు ఒక్కసారే లాగినట్టు వినిపించింది. ఆదివారం తను కూడా వస్తానన్నాడు. ఆ మలుపుల సంగతి తన కళ్ళతో చూడాలట.

ఆఫీసులో పెట్టిన చెకింగులు నోరెత్తలేదు. ఎన్ని యంత్రాల్ని ఎన్నిసార్లు నిద్రపుచ్చి లేపినా, చిప్పు దగ్గరికి వచ్చిన ప్రతివాడినీ పైన ఎవరో ఒకరు పట్టుకునే ఉన్నారు. ఒక్కటి మాత్రం అరిచింది. అలారం. అలారం మోగినప్పుడు చిప్పే తనంతట తాను లోపలినుంచి వస్తుంది, పై పొరని అడగదు. ఆ ఒక్క లాకూ ఉండాల్సిందే. ఆమె దాన్ని ఉంచి, మిగతావి తీసేసి, ఎందుకు తీశానో పైన రాసి పంపింది. ‘మొదటినుంచీ అవసరం లేని లాకుల తొలగింపు.’

గుమ్మంగారు పిలిచారు. కోడు బాగుందన్నారు. పైన రాసిన వాక్యం మీద మాత్రం వేలు పెట్టి కూర్చున్నారు.

“అవసరం లేనివి కావమ్మా. ఇవి వేసినప్పుడు పైన ఎవరూ లేరు” అన్నారు. “వేసింది నేనే. తర్వాత కొన్నేళ్ళకి పైన లాకు పెట్టిందీ నేనే. కిందికొచ్చి ఇవి తీసేయడం మర్చిపోయాను.” కళ్ళజోడు తుడిచారు. అది అప్పటికే శుభ్రంగా ఉంది. “మర్చిపోయానని రాసినా ఫరవాలేదు. అక్కర్లేదని మాత్రం రాయకు.”

ఆమె మార్చి రాసింది. వేసిన రోజున ఇవి అవసరమే. తర్వాత ఆ పని పై పొర తీసుకుంది. కాబట్టి ఇక్కడ తీసేయవచ్చు. ఆయన అది చదివి, ఇంకోసారి చదివి, ఒప్పుకోలు నొక్కారు. గుమ్మం దాటింది.

ఆదివారం పొద్దున్న మావయ్యగారి వెనకాల ఇద్దరు బయల్దేరారు. టోపీ భర్త పెట్టుకున్నాడు, నల్లకళ్ళద్దాలు ఆమెకి మిగిలాయి. భర్త చేతిలో పేపరు. ఎవరైనా చూస్తే నడుస్తూ చదువుతున్నట్టు ఉండాలని. దాంతో వీధంతా అతన్నే చూసింది. తాళం మనిషి వచ్చేలోపు తిరిగెళ్ళిపోవాలని అతను గడియారం చూసుకుంటూ నడిచాడు. మొదటి మలుపు దగ్గర తండ్రి ఆగి వెనక్కి చూసినప్పుడు, స్తంభం చాటున అతని చెయ్యి ఆమె మోచేతిని గట్టిగా పట్టుకుంది. రెండో మలుపు దగ్గర ఇంకా గట్టిగా పట్టుకుంది.

వచ్చేదారిలో ఆడపడుచు ఫోను చేసింది. తాళం బిగించేశారా వదినా, నా ఫోను మళ్ళీ బిగుసుకుపోయింది అని రెండూ ఒకే ఊపిరిలో అడిగింది. ఆమెకి సర్దిచెప్పి ఫోను పెట్టేసి తలెత్తేసరికి వీధిలో మావయ్యగారు లేరు.

భర్త చేతిలోని పేపరు కింద పడిపోయింది. అతను పరుగందుకోబోయాడు. ఆమె చొక్కా పట్టుకుని ఆపింది.

“పరిగెత్తకండి. పరిగెత్తితే వినిపించదు.”

అతను ఆగాడు. ఇద్దరూ గోడ పక్కగా నడిచారు. మామూలుగా నడవడం అంత కష్టమైన పనని ఆమెకి అప్పటిదాకా తెలీదు. మలుపు దగ్గరికొచ్చేసరికి, గోడకి అవతలనుంచి ఇస్త్రీపెట్టె కింద పెట్టిన చప్పుడు, దాని వెంట ఇస్త్రీ అతని గొంతు. ఏంటి సార్, ఇక్కడే ఆగిపోయారు అంటున్నాడు.

“మావాళ్ళు వెనకాల వస్తున్నారు” అన్నారు మావయ్యగారు. “మొన్నటిదాకా అమ్మాయొక్కతే వచ్చేది. ఇవాళ వాడు కూడా బయల్దేరాడు. ఇద్దరికీ ఈ సందులు తెలీవు. ఆఫీసుకీ ఇంటికీ తప్ప ఎక్కడికి తిరిగారు గనక. ఎక్కడ తప్పిపోతారోనని ప్రతి మలుపులోనూ ఆగి చూసుకోవాల్సొస్తోంది.”

“అయితే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళొచ్చుగా సార్.”

“బాగోదయ్యా. పెద్దవాళ్ళయ్యారు. చిన్నబుచ్చుకుంటారు.”

గోడకి ఇవతల భర్త టోపీ తీసేశాడు. కాసేపు దాన్ని చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. ఆమె నల్లకళ్ళద్దాలు తీయలేదు. వాటి అవసరం ఇప్పుడే పడింది.

ఇంటి దగ్గర తాళం మనిషి పెట్టె పట్టుకుని గేటు బయట నిలబడి ఉన్నాడు. గేటుకి తాళం. తాళాలు బిగించేవాణ్ణి తాళం పెట్టి ఆపిన ఇల్లు ఇదేనన్నాడు. భర్త గేటు తీసి, శ్రమ ఇచ్చాను, ఏమీ అనుకోవద్దు, ఇవాళ తలుపుకి పని లేదన్నాడు. తలుపు పాడైందా అని అడిగాడతను. లేదు, బాగానే ఉందన్నాడు భర్త. తాళం మనిషి వెళ్ళాక, వీధి తలుపుకున్న తాళంకప్ప కూడా తీసి జేబులో వేసుకున్నాడు. ఆ ఊపులో వంటింట్లోకి కూడా నడిచి, గ్యాస్ దగ్గర వంగాడు.

“అది ఉంచరా” అన్నారు మావయ్యగారు వెనకనుంచి. “మొన్న పాలు పెట్టి మర్చిపోయాను. మీరెవరూ చూడలేదు, నేనే చూసి ఆపాను. భయమేసింది.”

భర్త వంగినవాడు వంగినట్టే కాసేపు ఉండి, ఆ తాళం అలాగే ఉంచి లేచాడు.

సాయంత్రం కోడలు మావయ్యగారి మెడకి నొప్పుల మందు రాస్తోంది. కొత్త దిండు పక్కనే ఉంది. రెండు కవర్లలో అది ఏ ఆకారంలో ఉందో తెలీడం లేదు.

“దిండు మార్చినా తగ్గలేదా మావయ్యా?”

“దిండేం చేస్తుందమ్మాయ్ పాపం” అన్నారాయన కళ్ళు మూసుకుని. “రేపట్నుంచి పక్కన నడవండి. వెనక్కి చూసీ చూసీ పట్టేసింది.”

సోమవారం పొద్దున్న ఆమె స్నానం చేసి వచ్చేసరికి తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీలో భర్త కూర్చుని ఉన్నాడు. బూట్లు వేసుకున్నాడు, లేసులు కట్టుకున్నాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. మావయ్యగారు అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నారు. ఒక చెంప అయింది, రెండో చెంప నురగలో ఉంది.

“ఏరా, ఆలస్యమైపోతోందా?” అన్నారు అద్దంలోంచి.

“లేదు నాన్నా” అన్నాడతను. “నాకేం తొందర్లేదు.”